పని మాట: ‘చిన్న పనే కదా’ అన్నప్పుడు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే గొడవ. సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో అడిగిన ప్రతిదానికీ తలూపి ఇరుక్కుపోయామని. అందుకే రిజ్యూమేల ప్రశ్నలు, ఇంటర్వ్యూల ప్రశ్నలు వచ్చే సంచికకు వాయిదా వేసి, ఈ పేజీలన్నీ దీనికే ఇచ్చేస్తున్నాను. ఏళ్ల తరబడి కోడ్ రాసి, ఆ తర్వాత మేనేజర్ కుర్చీలోనూ కూర్చున్నదాన్ని కాబట్టి రెండు వైపులా చురకలు పడతాయి. ఏమీ అనుకోకండి.

ప్రశ్న: అక్కా, నేను బ్యాకెండ్ ఇంజనీర్‌ని. నాలుగేళ్ల అనుభవం. ఎవరేం అడిగినా ‘సరే’ అనేస్తాను. ఇప్పుడు నా నెత్తిన ఉన్నవి ఇవి: పేమెంట్ ఫెయిలైతే మళ్లీ ప్రయత్నించే కోడ్‌లో ఒక బగ్, సేల్స్ వాళ్లకు ఎక్సెల్ రిపోర్టు, పాత డేటాబేస్ నుంచి కొత్తదానికి మైగ్రేషన్, ఇద్దరు కొత్తవాళ్ల కోడ్ రివ్యూలు. నిన్న సాయంత్రం మేనేజర్ చాట్‌లో ‘ఆర్డర్ల స్క్రీన్‌లో ఒక ఫిల్టర్ పెట్టాలి, చిన్న పనే, రేపటికి అయిపోతుందా?’ అని అడిగారు. ‘చూస్తాను సార్’ అన్నాను. గంటలో ఆయన క్లయింట్‌కి రేపు ఇస్తున్నామని చెప్పేశారు. శని, ఆదివారాలన్న మాట మర్చిపోయి చాలా కాలమైంది. ఇంత చేసినా కిందటి అప్రైజల్‌లో ‘సమయానికి పని ఇవ్వడు’ అని రాశారు. కాదంటే అటిట్యూడ్ ఉందంటారేమోనని భయం. ఎలా చెప్పాలి?

జవాబు: అక్కా అన్నావు కాబట్టి నువ్వు అనే అంటాను. ముందు ఆ అప్రైజల్ సంగతి తేల్చుకుందాం, అసలు ముడి అక్కడే ఉంది.

నువ్వు రాత్రి రెండింటిదాకా కూర్చున్నావని నీకు తెలుసు. మీ మేనేజర్‌కి తెలిసింది వేరు. ఆయన అడిగినవన్నీ నువ్వు ఒప్పుకున్నావు. వాటిలో కొన్ని చెప్పిన రోజుకి వచ్చాయి, మిగతావి రాలేదు. ఆయన దగ్గరున్న లెక్క అంతే. నువ్వు ఇప్పటికే కాదని చెబుతున్నావు, కాకపోతే గడువు దాటాక చెబుతున్నావు. అదే మాట ముందు రోజు సాయంత్రం చెప్పి ఉంటే ఆయన క్లయింట్‌తో ఇంకో తేదీ మాట్లాడుకునేవారు. గడువు దాటాక ఆయన చేయగలిగింది అప్రైజల్‌లో ఒక వాక్యం రాయడమే.

ఇక ఆ ఫిల్టర్. దాన్ని కాస్త విప్పి చూద్దాం. మీ మేనేజర్ కళ్లకు కనిపిస్తున్నది స్క్రీన్ మీద ఒక డ్రాప్‌డౌన్. చిన్న పనే అని ఆయన మనస్ఫూర్తిగానే అన్నారు. నీకు కనిపించాల్సినవి ఇవి. ఆ ఫిల్టర్ ఏ కాలమ్ మీద? ఆ కాలమ్‌కి ఇండెక్స్, అంటే పుస్తకం చివరి సూచికలా డేటాబేస్ తొందరగా వెతుక్కోవడానికి ఉంచుకునేది, ఉందా? లేకపోతే ఎవరైనా ఆ డ్రాప్‌డౌన్ నొక్కిన ప్రతిసారీ డేటాబేస్ టేబుల్ మొత్తం వెతుక్కుంటూ పోతుంది. టెస్ట్ సర్వర్‌లో వెయ్యి ఆర్డర్లే ఉంటాయి కాబట్టి అక్కడ ఏమీ తెలియదు. అసలు సర్వర్‌లో రద్దీ వేళ అందరి స్క్రీన్లూ బిగుసుకుపోతాయి. తర్వాత, యాప్‌కీ సర్వర్‌కీ మధ్య మాటలు నడిపే ఏపీఐకి కొత్త పారామీటర్, అంటే అదనంగా పంపాల్సిన ఒక వివరం, చేరుతుంది. అప్‌డేట్ చేసుకోని పాత మొబైల్ యాప్ ఆ పారామీటర్ పంపదు, అప్పుడు ఏం చూపించాలి? పేజీ పైన కనిపించే ‘మొత్తం ఆర్డర్లు’ అంకె ఫిల్టర్ తర్వాతదా, ముందుదా? రెండో పేజీకి వెళ్తే ఫిల్టర్ నిలవాలి కదా. ఒక బ్రాంచ్ వాళ్లకు ఇంకో బ్రాంచ్ ఆర్డర్లు కనిపించకూడదన్న నిబంధన ఉంటే, డేటాబేస్‌ను అడిగే కొత్త క్వెరీ దాన్ని పాటిస్తోందా? అన్నిటికీ మించి, నువ్వు మైగ్రేషన్ మధ్యలో ఉన్నావు. ఇండెక్స్ పెట్టాలంటే పాత డేటాబేస్‌లోనూ కొత్తదానిలోనూ పెట్టాలి, రెండు చోట్లా పరీక్షించాలి. మైగ్రేషన్ అయ్యాక చేస్తే ఒక్కసారితో పోతుంది.

ఈ చివరి సంగతి మీ ఆఫీసులో నీకు తప్ప ఇంకెవరికీ తట్టదు. నువ్వు చెప్పకపోతే మీ మేనేజర్ తెలియక తప్పుడు నిర్ణయం తీసుకుంటారు, దాని బరువు నీ శనివారం మీద పడుతుంది. కాదనడాన్ని ఎదురు తిరగడంగా చూస్తున్నావు కాబట్టి నీకు భయమేస్తోంది. ఇది నీ ఉద్యోగంలో భాగం తమ్ముడూ. కోడ్ రాయడానికి ఇచ్చే జీతంలోనే, ఆ కోడ్ ఎంత పనో చెప్పడానికి కూడా ఇస్తున్నారు.

నిన్న సాయంత్రం ‘చూస్తాను సార్’ బదులు ఒక పావుగంట నిజంగానే చూసి ఇలా రాయాల్సింది:

‘సార్, ఫిల్టర్ చూశాను. దానికి ఇండెక్స్ కావాలి. మైగ్రేషన్ నడుస్తోంది కాబట్టి రెండు డేటాబేసుల్లోనూ పెట్టాలి. టెస్టింగ్‌తో కలిపి రెండున్నర రోజులు. రేపే మొదలుపెడితే గురువారం ఇస్తానన్న పేమెంట్ బగ్ సోమవారానికి వెళ్తుంది. మైగ్రేషన్ అయ్యాక చేస్తే ఫిల్టర్‌కి ఒక రోజు చాలు. ఏది ముందు చేయమంటారు?’

ఇందులో సారీ లేదు. ‘చాలా బిజీ సార్’ కూడా లేదు. ఆఫీసులో బిజీ కానిదెవరు, ఆ మాటకి విలువ పోయి చాలా రోజులైంది. ఏది ఆలస్యమవుతుందో పేరు పెట్టి, రోజు పెట్టి చెప్పావు. నిర్ణయం ఆయనకే వదిలావు. చాలామంది మేనేజర్లు ఇలాంటి సందేశం వస్తే ఊపిరి పీల్చుకుంటారు, ఎందుకంటే దీన్ని ఉన్నదున్నట్టు పైవాళ్లకు పంపొచ్చు. ఎంత బాగా రాశావన్నదానికంటే ఎప్పుడు పంపావన్నది ముఖ్యం. ఆయన క్లయింట్‌తో మాట్లాడకముందు వెళ్తే అది సమాచారం. మర్నాడు పొద్దున వెళ్తే అదే సందేశం ఆయన పరువు తీస్తుంది. లెక్క వేయడానికి టైమ్ కావాలంటే ఆ మాటే రాయి: ‘ఏడింటికి చెబుతాను సార్, అంతవరకు క్లయింట్‌కి తేదీ ఇవ్వకండి.’

‘రెండూ ముఖ్యమే, రెండూ కావాలి’ అంటారేమో. అంటారు కూడా. వాదించకు. ‘అలాగే సార్, రెండూ చేస్తాను. పొద్దున వచ్చి ముందు ఏది తెరవమంటారు?’ అని అడుగు. ముఖ్యమైనవి పది ఉండొచ్చు గానీ ముందు తెరిచే ఫైల్ ఒక్కటే కదా. ఆయన ఏదో ఒకటి చెబుతారు. చెప్పిన వరుసను టికెట్‌లో, అంటే టీమ్ పనుల జాబితాలో ఆ పనికి ఉన్న చీటీలో, రాసిపెట్టు.

నీ చేతినిండా పని ఉంటేనే నిన్ను కష్టపడేవాడంటారన్న నమ్మకం కూడా నీ ఉత్తరంలో కనిపిస్తోంది. సర్వర్ సీపీయూ 95 శాతానికి చేరితే అలారం మోగేలా నువ్వే పెడతావు, నీ విషయంలో మాత్రం అలారం ఉండదు. క్యూల లెక్క నీ చదువులో వచ్చే ఉంటుంది. పనులు ఎప్పుడు పడితే అప్పుడు వచ్చి, ఒక్కోటి ఎంతసేపు పడుతుందో ముందే తెలియని మామూలు క్యూ ఒకటి తీసుకో. ఒక్కో పనికి సగటున ఒక రోజు పడుతుందనుకుందాం. నువ్వు 50 శాతం నిండి ఉంటే కొత్తగా వచ్చిన పని తన వంతు కోసం సగటున 1 రోజు ఆగుతుంది. 80 శాతం అయితే 4 రోజులు. 90 అయితే 9. 95 అయితే 19. ఆ చివరి 15 శాతం నింపుకున్నందుకు 4 రోజులు కాస్తా 19 అయ్యాయి. నువ్వు బద్ధకస్తుడివి కాకపోయినా ‘సమయానికి ఇవ్వడు’ అనిపించుకోవడానికి ఈ లెక్క చాలు.

నేను మేనేజర్‌గా ఉన్నప్పుడు మా టీమ్‌లో ఒక సీనియర్ టెస్టర్ ఉండేవారు. ఆవిడ నోట కాదన్న మాట నేను వినలేదు. ఎవరు వచ్చి ఏది అడిగినా గీతల నోట్‌బుక్ తెరిచి, ఆ వారం రాసుకున్న జాబితా అవతలివాళ్ల వైపు తిప్పి, పెన్ను చేతికిచ్చేవారు. ‘మీది రాయండి. దానికి బదులు ఏది కొట్టేయాలో అదీ మీరే కొట్టేయండి’ అని. సేల్స్ హెడ్ కూడా ఆ పెన్ను పట్టుకుని నిలబడటం చూశాను. ఇంకొకరి పనిని తన చేత్తో కొట్టేయడానికి ఎవరికీ మనసొప్పదు, సగం మంది ‘వచ్చే వారం చూద్దాంలెండి’ అని వెళ్లిపోయేవారు. సేల్స్ వాళ్లు నీ దగ్గరికి నేరుగా వచ్చి అడిగే ఎక్సెల్ రిపోర్టుకి ఇదే మందు. ‘టికెట్ వేయండి’ అని ముఖం మీద చెబితే పొగరనుకుంటారు. ‘పదండి, మా పనుల బోర్డులో ఇద్దరం కలిసి చూద్దాం’ అంటే అనుకోరు.

అటిట్యూడ్ అన్న ముద్ర గురించి కూడా చెబుతాను. నేను చూసినంతలో అది పని కాదన్నవాళ్ల మీద పడలేదు. క్లయింట్ ముందు మేనేజర్ మాట కొట్టేసినవాళ్ల మీద, ‘అది నా పని కాదు’ అన్నవాళ్ల మీద పడింది. నలుగురిలో వద్దు, ఇద్దరే ఉన్నప్పుడు చెప్పు. అర్ధరాత్రి నిజంగా పేమెంట్లు ఆగిపోతే మాత్రం ఈ జవాబంతా పక్కన పెట్టి లేచి కూర్చో, అప్పుడు లెక్కలు చెప్పేవాళ్లంటే నాకూ చిరాకే.

ఇలా కొన్ని వారాలు రాతపూర్వకంగా, మర్యాదగా చెప్పి చూడు. అయినా ‘అన్నీ రేపటికే’ అంటే, లోపం నీ మాట తీరులో లేదని తేలిపోయినట్టే. వేరే టీమ్ చూసుకో.

ప్రశ్న: ఉద్యోగంలో చేరి మూడు నెలలైంది మేడమ్. సీనియర్లు వాళ్ల బోరింగ్ పనులన్నీ నాకు తోసేస్తున్నారు. ప్రొబేషన్‌లో ఉన్నవాళ్లు కాదనొచ్చా?

జవాబు: లాగ్‌లు చదవడం, పాత బగ్‌లను తిరిగి రప్పించి చూడటం, డాక్యుమెంట్లు సరిచేయడం బోరింగ్ అనుకుంటున్నారేమో, కొత్త కోడ్ తొందరగా వంటబట్టేది వాటితోనే. ఒక ఏడాది చేయండి. అయితే ముగ్గురు సీనియర్లు మూడు పనులు ఒకే రోజుకు ఇస్తే, ఏది ముందన్నది మీరు తేల్చకండి. ముగ్గురినీ ఒకే చాట్‌లో కలిపి ‘ఇవి మూడూ నా దగ్గరున్నాయి, ఏ వరుసలో చేయను?’ అని అడగండి. వాళ్లలో వాళ్లు తేల్చుకుంటారు. అంతకుమించి కాదనడం మీకు ఇప్పుడు అక్కర్లేదు. ఒక్క మినహాయింపు ఉంది: అర్థం కాని పనికి ‘అర్థమైంది’ అనకండి.

ప్రశ్న: నమస్తే మేడమ్. నేను టీమ్ లీడ్‌ని, మా టీమ్ ఐదుగురం. ఒక మాడ్యూల్‌కి ఆరు వారాలు పడుతుందని అంచనా ఇచ్చాం. మీటింగ్‌లో డెలివరీ హెడ్ గారు ‘నాలుగు వారాల్లో కావాలి, కావాలంటే ఇంకో ముగ్గురిని ఇస్తాను’ అన్నారు. అంతమందిలో కాదనలేక ‘ట్రై చేస్తాం సార్’ అని వచ్చేశాను. టీమ్‌లో అందరూ నా మీద కోపంగా ఉన్నారు. ఇప్పుడు వెనక్కి వెళ్లి ఏమని చెప్పాలి?

జవాబు: మీటింగ్‌లో చెప్పలేకపోయినంత మాత్రాన కొంప మునిగిపోలేదు. మర్నాడు పొద్దున ‘నిన్న సార్ అన్న తేదీని టీమ్‌తో కూర్చుని లెక్క వేశాం’ అని ఒక పేజీ పంపితే అది బాధ్యతగా కనిపిస్తుంది. మూడు వారాలయ్యాక చెబితేనే మోసంలా కనిపిస్తుంది. మీ ఉత్తరం నా చేతికి వచ్చేసరికి ఆ తేడా ఎంత మిగిలిందో గానీ, ఈ రోజే పంపండి.

ఆ ముగ్గురి గురించి మొదట. ఐబీఎంలో ఓఎస్ 360 అనే భారీ ప్రాజెక్టును నడిపిన ఫ్రెడ్ బ్రూక్స్, ఆలస్యమైన సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుకు మనుషులను చేరిస్తే అది ఇంకా ఆలస్యమవుతుందని 1975లోనే రాశారు. కారణం మీ టీమ్‌లోనే చూసుకోండి. ఐదుగురిలో ఇద్దరిద్దరు మాట్లాడుకోవడానికి ఉన్న దారులు 10. ఎనిమిది మంది అయితే 28. వచ్చిన ముగ్గురికీ కోడ్ ఎక్కడుందో, ఎందుకలా ఉందో నేర్పాల్సింది మీ ఐదుగురే. మొదటి రెండు వారాలు ఎనిమిది మంది కలిసి ముగ్గురి పని చేస్తారు. నాలుగు వారాల గడువులో అది సగం. ఆ ముగ్గురినీ వద్దనకండి కూడా. మాడ్యూల్‌తో సంబంధం లేని రోజువారీ సపోర్ట్ టికెట్లు వాళ్లకిప్పించి, మీవాళ్లను అక్కడి నుంచి విడిపించుకోండి. హెడ్ గారి మాటా నిలబడుతుంది.

ఇక తేదీ. ఆరు అన్నారు, ఆయన నాలుగు అన్నారు, ఐదు దగ్గర తెగుద్దాం అన్న ఆలోచన వస్తుంది, రానివ్వకండి. ఆరు వారాలన్నది మీరు అడిగిన ధర కాదు, తగ్గించుకోవడానికి. నిజానికి ఆ ఆరే తక్కువ అయి ఉండొచ్చు. 1994లో మనస్తత్వ శాస్త్ర పరిశోధకులు కొందరు, థీసిస్ రాస్తున్న విద్యార్థులను ఎన్ని రోజుల్లో పూర్తి చేస్తారని అడిగారు. సగటున 33.9 రోజులన్నారు. అన్నీ అడ్డం తిరిగితే ఎన్ని రోజులు అని కూడా అడిగారు. 48.6 అన్నారు. తీరా పట్టింది 55.5 రోజులు. అన్నీ అడ్డం తిరుగుతాయని ఊహించుకుని చెప్పిన అంకెను కూడా నిజం దాటిపోయింది. ఇది ఇంజనీర్లకే ఉన్న జబ్బు కాదు, మనుషులందరిదీ. అందుకే హెడ్ గారితో మాట్లాడే ముందు, మీ టీమ్ ఇంతకుముందు చేసిన ఇలాంటి రెండు మాడ్యూళ్లకు ఎంత అనుకుంటే ఎంత పట్టిందో పాత టికెట్లు తీసి చూసుకోండి. మీ ఊహను ఎవరైనా కొట్టిపారేయగలరు. పాత టికెట్ల మీదున్న తేదీలను కొట్టిపారేయడం కష్టం.

బేరం ఆడాల్సింది తేదీతో కాదు, జాబితాతో. హెడ్ గారికి నాలుగు వారాలే ఎందుకు కావాలో అడిగారా? చాలాసార్లు ఆ తేదీ వెనక క్లయింట్‌కి ఇచ్చే డెమో ఉంటుంది. డెమోకి కావాల్సింది ఆర్డర్ పెట్టడం, పేమెంట్, రసీదు అయితే ఆ మూడూ నాలుగు వారాల్లో ఇస్తామనండి. రిపోర్టులు, బల్క్ అప్‌లోడ్, అడ్మిన్ స్క్రీన్ ఆరో వారానికి. ఒకటే జాగ్రత్త: టెస్టింగ్‌ని మాత్రం ఆ రెండో విడతలోకి తోయకండి. బేరంలో అందరూ మొదట కోసేది దాన్నే, ఎందుకంటే డెమోలో అది కనిపించదు.

మీ టీమ్‌కి కూడా ఒక మాట చెప్పండి, పంపిన ఆ పేజీని వాళ్లకు చూపించండి. కోపం దానంతటదే దిగుతుంది.

ప్రశ్న: క్లయింట్ వేరే టైమ్ జోన్‌లో ఉన్నారని రోజూ రాత్రి పదకొండుకు కాల్ పెడుతున్నారు. నేను మాట్లాడేది రెండు నిమిషాలే. మానేయొచ్చా?

జవాబు: చెప్పకుండా మానేయకండి. ఆ రెండు నిమిషాల్లో చెప్పేది సాయంత్రమే రాసి పంపండి. ‘వారంలో మంగళ, గురువారాలు వస్తాను, మిగతా రోజులు రాసి పంపుతాను, అవసరమైతే ఫోన్ చేయండి’ అని ఒక నెల ప్రయోగంగా అడగండి. ప్రయోగం అంటే ఎవరూ పెద్దగా అడ్డు చెప్పరు. టీమ్‌లో ఐదారుగురు ఉంటే వంతులు వేసుకోండి, అందరూ రోజూ కళ్లు నులుముకుంటూ కూర్చోనక్కర్లేదు.

ప్రశ్న: నేను టెస్టర్‌ని మేడమ్. రేపు రిలీజ్. పద్నాలుగు టెస్టులు ఇంకా ఫెయిలవుతున్నాయి. వాటిలో రెండు కస్టమర్ల డేటా తప్పుగా సేవ్ అవుతున్నవి. మా లీడ్ ‘ప్రస్తుతానికి పాస్ అని మార్క్ చెయ్యి, వారంలో ప్యాచ్ వేసేస్తాం’ అంటున్నారు. ఆయన మంచివారే, నాకు చాలా సాయం చేశారు. ఎలా కాదనను?

జవాబు: పైన రాసిన సర్దుబాట్లు, బేరాలు ఏవీ దీనికి పనికిరావు. అక్కడ టైమ్ గురించి మాట్లాడాం. ఇక్కడ మిమ్మల్ని అబద్ధం రాయమంటున్నారు, దాని కింద మీ పేరు ఉంటుంది.

2015లో బయటపడిన ఫోక్స్‌వాగన్ వ్యవహారం మీకు గుర్తుండే ఉంటుంది. కారును పరీక్షిస్తున్నారని కనిపెట్టి, ఆ కాసేపు మాత్రమే పొగను అదుపులో పెట్టే సాఫ్ట్‌వేర్‌ను డీజిల్ కార్లలో పెట్టారు. రోడ్డెక్కాక నైట్రోజన్ ఆక్సైడ్లు అనుమతించినదానికి 40 రెట్ల దాకా వెలువడ్డాయి. అమెరికా కోర్టు 2017లో ఆ కేసులో జేమ్స్ లియాంగ్ అనే ఇంజనీరుకు 40 నెలల జైలుశిక్ష వేసింది. ఆయన కంపెనీ అధిపతి కాదు. పని చెప్పించుకునే స్థానంలో ఉన్నవాడే. పైవాళ్లు చెప్పారన్నది ఆయన్ను కాపాడలేదు.

మీ పద్నాలుగు టెస్టులు ఆ స్థాయివి కావని నాకు తెలుసు. పద్ధతి మాత్రం అదే: పరీక్ష కాగితం మీద ఒకటి, అసలు జరిగేది ఇంకొకటి.

మీరు రిలీజ్‌ను ఆపక్కర్లేదు, ఆపే అధికారం బహుశా మీకు లేదు కూడా. లోపాలున్నాయని తెలిసీ రిలీజ్ చేయడం నేరమేమీ కాదు, ప్రపంచంలో సాఫ్ట్‌వేరంతా అలాగే బయటికి వస్తుంది. తెలిసిన లోపాలను లేనట్టు రాయడమే తప్పు. కాబట్టి మీ లీడ్‌తో ఇలా చెప్పండి: ‘ఫెయిల్ అయినవి ఫెయిల్‌గానే ఉంచుతాను సార్. తెలిసిన లోపాలు అని వేరే జాబితా చేసిస్తాను, ఏది ఎవరిమీద ప్రభావం చూపుతుందో రాస్తాను. వాటితోనే రిలీజ్ చేద్దామంటే మీరో, ప్రొడక్ట్ మేనేజర్ గారో ఒక్క లైన్‌లో సరే అని రాయండి, రేపు నేనూ సాయంగా ఉంటాను.’ మిగతా పన్నెండు టెస్టులకు బహుశా రాసిస్తారు. డేటా పాడయ్యే ఆ రెండింటి కింద సంతకం పెట్టే ముందు ఎవరైనా ఒకసారి ఆగుతారు. మీకు కావాల్సింది ఆ ఆగడమే.

ఇదంతా మెయిల్‌లో ఉండాలి. చాలెంజర్ అంతరిక్ష నౌక రాకెట్లు తయారుచేసిన కంపెనీలో రోజర్ బోయిజోలీ అనే ఇంజనీరు ఉండేవాడు. రాకెట్ అతుకులను మూసే రబ్బరు ఓ-రింగులు సరిగా మూసుకోకపోతే ప్రాణాలు పోతాయని 1985 జులైలోనే తన పైవాళ్లకు రాసిపెట్టాడు. 1986 జనవరిలో ప్రయోగానికి ముందు రాత్రి ఆయనా, తోటి ఇంజనీర్లూ ఫోన్ సమావేశంలో అంత చలిలో వద్దన్నారు. మొదట వాళ్లవైపే ఉన్న కంపెనీ యాజమాన్యం చివర్లో మాట మార్చుకుంది. మర్నాడు నౌక ఎగిరిన 73 సెకన్లకు పేలిపోయి ఏడుగురూ చనిపోయారు. ఆయన మాట ప్రయోగాన్ని ఆపలేకపోయింది. విచారణ కమిషన్ ముందు మాత్రం, ప్రమాదం ముందే తెలుసనడానికి ఆ కాగితం సాక్ష్యంగా నిలిచింది. కాదన్న ప్రతిసారీ గెలుస్తామని మీకు చెప్పి ఇంటికి పంపడం నాకు ఇష్టం లేదు, అందుకే ఇది రాశాను.

మీ లీడ్ మంచివారన్నారు. అయితే ఈ సంభాషణ మీరనుకున్నంత కష్టంగా ఉండదు. మంచివాళ్లు టెన్షన్‌లో ఇలాంటివి అడుగుతారు, ఎవరైనా మెల్లగా అడ్డు చెబితే లోపల సంతోషపడతారు. రిలీజ్ రేపే కదా, ఈ సాయంత్రమే మాట్లాడండి.

ప్రశ్న: నేను మేనేజర్‌ని. మీరెప్పుడూ ఉద్యోగుల వైపే మాట్లాడతారు. మా టీమ్‌లో తొమ్మిది మంది, ఏడాదిగా ఒక్కరు కూడా నాకు ‘కుదరదు’ అని చెప్పలేదు. అంటే మా టీమ్ బాగున్నట్టే కదా?

జవాబు: రిలీజులు చెప్పిన రోజుకి వెళ్తున్నాయా, తర్వాత వచ్చే బగ్‌లు తగ్గుతున్నాయా, ఏడాదిలో ఎవరైనా మానేశారా? ఈ మూడూ బాగుంటే మీరు అదృష్టవంతులు. లేకపోతే తొమ్మిది మంది మీకు సరే అని చెప్పి, ‘కుదరదు’ అన్న మాట ఇంట్లోవాళ్లకు చెబుతున్నారు.

మీరు ‘అయిపోతుందా?’ అని అడుగుతున్నంత కాలం ‘అవుతుంది సార్’ అనే వినపడుతుంది. ఆ ప్రశ్నకి ఇంకో జవాబు చెప్పాలంటే అవతలివాడికి గుండె ధైర్యం కావాలి. ‘ఇది లోపలికి తెస్తే ఏది ఆగుతుంది?’ అని అడగండి. దానికి జవాబు చెప్పడానికి ధైర్యం అక్కర్లేదు, బోర్డు చూస్తే చాలు.

కొన్నిసార్లు కాదనే భారాన్ని మనుషుల మీద నుంచి తీసేయొచ్చు కూడా. గూగుల్‌లో సర్వీసులను నిలబెట్టే ఇంజనీర్లకు రెండు కట్టుబాట్లు ఉన్నాయి. సపోర్ట్ తరహా పని వాళ్ల సమయంలో సగం దాటకూడదు. రెండోది ఎర్రర్ బడ్జెట్. 99.9 శాతం సమయం పనిచేయాలని ఒప్పుకున్న సర్వీసు 30 రోజుల్లో 43 నిమిషాలు ఆగొచ్చు. ఆ 43 నిమిషాలూ ఖర్చయిపోతే కొత్త ఫీచర్ల విడుదల ఆపి, ముందు సర్వీసును కుదుటపరుస్తారు. అప్పుడు ఫీచర్ వద్దన్నది ఏ ఇంజనీరూ కాదు, అందరూ ముందే ఒప్పుకున్న అంకె. మీ తొమ్మిది మందిలో ఎక్కువ మొహమాటస్తుడు ఎవరో మీకు తెలిసే ఉంటుంది. ఇలాంటి అంకె ఒకటి మీ బోర్డు మీద ఉంటే, ఎక్కువ లాభపడేది అతనే.

మొదలుపెట్టడానికి సులువైనది: ఒక్కొక్కరి దగ్గర ఒకేసారి రెండు పనులకు మించి తెరిచి ఉండకూడదని సోమవారం బోర్డు మీద రాయండి. మూడోది ఇవ్వాలనిపించినప్పుడు అడ్డు తగిలేది ఆ గీతే. మొదటి వారంలో దాన్ని ఎక్కువసార్లు దాటబోయేది మీరే అవుతారు, కాబట్టి దాటినప్పుడల్లా మిమ్మల్ని ఆపే బాధ్యత టీమ్‌లో ఒకరికి అందరి ముందూ అప్పగించండి. వచ్చే నెలలో ఏం జరిగిందో నాకు రాయండి, ఈ పేజీలో వేస్తాను.